గుమ్మం ముందు పదో నంబరు బూట్లు

జూన్ 4

అన్నయ్యకు,

చేరాను. బాగానే ఉన్నాను. ఈ రెండు ముక్కలూ ముందే రాసేస్తే మిగతా ఉత్తరం నువ్వు స్థిమితంగా చదువుతావని వదిన చెప్పింది. ఫోను మాత్రం చేయకండి. అది మోగితే చాలు, ఎవరిదో తెలిసేలోపే చెమటలు పడుతున్నాయి. ఉత్తరమైతే నాకు ఓపిక ఉన్నప్పుడు విప్పుకోవచ్చు.

గది రెండో అంతస్తులో. వరండాకి అటొక గది, ఇటొక గది. ఎదురుగదిలో ఎవరో నర్సు ఉంటుందట, ఇంకా ముఖం చూడలేదు. ఆమెది రాత్రి డ్యూటీ, నాది పగటి పని. కింద ఇంటావిడ. మెట్లెక్కేవాళ్ల అడుగుల చప్పుడు విని ఎవరో చెప్పగలదు, ఎందుకొచ్చారో కూడా చెప్పగలదు.

పని నచ్చింది. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పరిచి, కట్టుడుపళ్లు ఒక్కొక్కటీ నిలబెట్టాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ముందు పాతిక నోళ్లు తెరుచుకుని ఉంటాయి, ఒక్కటీ మాట్లాడదు. అందుకే నచ్చిందని వదినకు చెప్పకు.

ఇక అసలు సంగతి, తలుపు. లోపలి గడియ కాస్త గట్టిగా తోస్తే జారిపోతుంది. బయట వేసుకోమని ఇంటావిడ ఇచ్చిన తాళంకప్పని నేనే తలపిన్నుతో తీసేశాను, నీ చెల్లెల్ని కదా. పడుకునేటప్పుడు గడియకి బట్టలతాడు చుట్టి కిటికీ ఊచకి కడుతున్నాను. పనికి వెళ్లేటప్పుడు మన ఇంటి పద్ధతే: తాళం వేసి, మూడుసార్లు లాగి, "వేశాను" అని పైకి అనడం. అన్నాక కూడా మలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. నిన్న రెండుసార్లు వచ్చాను.

ఆరేళ్లు బయటినుంచి తాళం పడే ఇంట్లో ఉన్నాను. ఆయన పనికి వెళ్తూ నన్ను లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయేవారు. ఆ ఇల్లు వదిలి ఏడాది అయింది, ఇప్పుడు నా తాళంచెవి నా దగ్గరే ఉంది. అయినా తలుపుకి వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. అన్నం కూడా తలుపుకేసి చూస్తూనే తింటున్నాను.

నీ చేత్తో చేసిన తాళం ఒకటి పంపు. తాళాలవాడి చెల్లెలు తలుపుకి తాడు కట్టుకుని పడుకుంటోందంటే పోయేది నీ కొట్టు పరువే.

నీ చెల్లెలు


జూన్ 15

చెల్లాయ్,

ఉత్తరం అందింది. నేను రెండుసార్లు, మీ వదిన మూడుసార్లు చదివాం. పాతిక నోళ్లూ మాట్లాడకపోవడం గురించి ఆవిడకి తెలిసిపోయింది. రెండ్రోజులు నాతో కూడా మాట్లాడలేదు.

బూట్లు పంపుతున్నాను. తోలువి, పదో నంబరు, నా పెళ్లికి ముందు కొన్నవి. చూసి నవ్వుకో, కానీ చెప్పినట్టు చెయ్యి. గుమ్మం ముందు ఎడమవైపున, మడమలు గోడకి ఆనించి పెట్టు. మరీ సర్ది పెట్టకు. మగవాళ్లు అలా విప్పరు. ఒకటి కాస్త పక్కకి ఒరగాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా తాళాలు తీస్తున్నాను, నేను తీయలేని తాళం ఈ ఊళ్లో లేదు. కానీ గుమ్మం ముందు పదో నంబరు బూట్లు కనబడితే నేనైనా ఒక్క క్షణం ఆగుతాను. దొంగకి ఆ క్షణం చాలు, పక్కింటికి పోతాడు.

ఇంకా విను. తీగ మీద ఒక మగచొక్కా ఆరేస్తూ ఉండు, పార్సిల్లో పెట్టాను. చొక్కా ఎండిపోయాక కూడా అలాగే వేలాడుతుంటే దొంగకి అనుమానం వస్తుంది, రోజూ తడపాలి. తాళంచెవి గడప కింద, పూలకుండీలో, మీటరు పెట్టె మీద పెట్టకు. మనుషులందరూ ఆ మూడుచోట్లే పెడతారు, పెట్టి తమంత తెలివైనవాళ్లు లేరనుకుంటారు. ఎవరైనా తలుపు తడితే వెంటనే పలకకు. లోపలికి తిరిగి "ఏమండీ, ఎవరో వచ్చారు చూడండి" అని కేకెయ్యి.

పనికి వెళ్లే దారి వారానికోసారి మార్చు. నీ అడ్రసు ఎవరికైనా ఇచ్చావా? ఇవ్వకు.

ఆగస్టు ఆఖరుదాకా చూద్దాం. అప్పటికీ నీకు నిద్ర పట్టకపోతే వచ్చెయ్యి. ఇక్కడ నీ గదిలో మీ వదిన బియ్యం డబ్బాలు పెట్టింది, తీయడానికి ఎంతసేపు.

అన్నయ్య


జూన్ 27

అన్నయ్యా,

పార్సిలు అందింది. విప్పుతుంటే చేతికి బరువు తగిలి, అబ్బ, అన్నయ్య ఎంత పెద్ద తాళం చేశాడో అనుకున్నాను. బూట్లు బయటపడ్డాయి. అడుగున ఉంటుందేమోనని బూట్లలో చెయ్యిపెట్టి కూడా వెతికాను. నీ పాత సాక్సు ఒకటి దొరికింది.

నీ సలహాలు పదకొండున్నాయి, లెక్కపెట్టాను. నేనడిగింది ఒక్కటి. ఊళ్లో అందరికీ తాళాలు చేసే మనిషివి, నా పెళ్లికి ఆరు లివర్ల తాళం చేసిచ్చి "దీన్ని దేవుడు కూడా తీయలేడు" అని అందరి ముందూ మురిసిన మనిషివి, ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్న చెల్లెలికి తాళం పంపడానికి చెయ్యి రాలేదా? తాళం ఇస్తే ఇక్కడే ఉండిపోతాననా? ఆగస్టు ఆఖరుకి నేను వచ్చేస్తానని మీరిద్దరూ ముందే అనుకున్నట్టున్నారు.

కోపంలోనే బూట్లు పెట్టాను, నువ్వు చెప్పినట్టే, ఒకటి ఒరిగించి మరీ. ఇంటావిడ గంటలోనే పైకొచ్చింది. "మీవారు వచ్చారా?" అంది. "పడుకున్నారు" అన్నాను. "ఎప్పుడు వచ్చారు, మెట్ల మీద చప్పుడే వినలేదు" అంది, తన ఉద్యోగం పోయినంత దిగులుగా. ఆవిడతో అబద్ధం ఆడినందుకు సిగ్గేసింది. అయినా ఆ రోజు అన్నం కొంచెం నెమ్మదిగా తిన్నాను. నిజం చెప్పాలి కదా.

కానీ ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున వెళ్లేటప్పుడు బూట్ల ముక్కులు మెట్లవైపు ఉంటాయి. సాయంత్రం వచ్చేసరికి నా తలుపువైపు తిరిగి ఉంటున్నాయి. మొదటిరోజు నా భ్రమ అనుకున్నాను. రెండోరోజు నేలమీద సుద్దముక్కతో గీత గీసి వెళ్లాను. గీత అక్కడే ఉంది, బూట్లు జానెడు పక్కన ఉన్నాయి. ఎవరో వాటిని ముట్టుకుంటున్నారు.

తాళం పంపు అన్నయ్యా. ఇది రెండోసారి అడగడం.

చెల్లెలు


జూలై 9

చెల్లాయ్,

ఉత్తరం చూసినప్పటినుంచి నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. బూట్లు ఎవరు కదుపుతున్నారో కనుక్కో. కాదు, కనుక్కోకు. నువ్వేమీ చేయకు. నేను అడిగినవాటికి జవాబు రాయి చాలు.

బూట్లు జరిపినవాళ్లు తలుపు కూడా తట్టి చూశారా? తాళంకప్ప మీద కొత్త గీతలేమైనా ఉన్నాయా? కింద ఇంటావిడని ఎవరైనా మగమనిషి నీ గురించి అడిగాడా? పొడుగ్గా, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నవాడు?

తాళం సంగతి వదిలెయ్యి. చేసి పంపడానికి టైము లేదు, కొట్లో పని ఎక్కువగా ఉంది. పైగా తాళం దొంగకి కాదు, మంచివాడికి. మంచివాడు తాళం చూసి వెనక్కి పోతాడు, అంతే దాని పని.

ఆగస్టు దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చెయ్యి. పళ్లు ఇక్కడ కూడా ఊడుతున్నాయి, పని దొరక్కపోదు. మీ వదిన డబ్బాలు తీసేసింది.

అన్నయ్య


జూలై 20

అన్నయ్యా,

రెండు పెన్నులు పెట్టుకునే పొడుగాటి మనిషి మనకి ఒక్కడే తెలుసు. ఆయన గురించి ఎందుకడిగావు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. ఆయన మన ఇంటికి వచ్చారా? నువ్వూ ఆయనా కూర్చుని నా గురించి ఏదైనా ఒప్పందానికి వచ్చారా? అందుకేనా తాళం వద్దు, పని వద్దు, వచ్చెయ్యి వచ్చెయ్యి అంటున్నావు?

ఇన్నాళ్లూ అడగనిది ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను ఆ ఇంటినుంచి తీసుకెళ్లిన రోజు. నువ్వు అనుకోకుండా వచ్చావు. బయట తాళం ఉంది. నేను లోపలినుంచి, "తాళంచెవి ఆయన దగ్గర ఉంది అన్నయ్యా, సాయంత్రం రా" అన్నాను. మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాను. నాకప్పటికి అది మామూలే అయిపోయింది. నువ్వు వెళ్లలేదు. గంటకి పైగా గుమ్మంలో కూర్చున్నావు. నేను తలుపుకి ఇవతల కూర్చున్నాను. నీ ఊపిరి వినబడుతోంది, మధ్యమధ్య నీ తాళంచెవుల గుత్తి గలగలమంటోంది. నువ్వు ఎటూ తేల్చుకోలేనప్పుడు గుత్తి అలా ఆడిస్తావని చిన్నప్పటినుంచీ తెలుసు. "ఏం చేస్తున్నావన్నయ్యా?" అంటే, "ఉండమ్మా, ఆలోచిస్తున్నా" అన్నావు.

ఊళ్లో తీయలేని తాళం లేదని చెప్పుకునేవాడివి. నీకు అది రెండు నిమిషాల పని. గంటసేపు ఏం ఆలోచించావు? చెల్లెల్ని బయటికి తెస్తే నలుగురూ ఏమంటారనా? తీయాలా వద్దా అనా? ఏడాదినుంచి నీ ఇంట్లో తింటూ, నీకు నమస్కారాలు పెడుతూ, ఆ గంట మాత్రం నేను మింగలేకపోయాను. ఇప్పుడు రాసేశాను.

బూట్ల సంగతి. మంగళవారం సాయంత్రం వచ్చేసరికి అసలు లేవు. గది తలుపు తీయకుండా మెట్ల మీదే కూర్చున్నాను. తాగునీళ్ల కోసం కిందికి వెళ్లి వచ్చేసరికి బూట్లు ఉన్నాయి. పాలిష్ చేసి ఉన్నాయి! దొంగ ఎవడైనా బూట్లకి పాలిష్ చేసి పెడతాడా? నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అయినా రాను. ఎవరో తెలిసేదాకా ఇక్కడినుంచి కదలను.

చెల్లెలు


ఆగస్టు 1

చెల్లాయ్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మీ వదిన చూసి, "కాగితాలు చింపడం ఆపి తప్పు ఒప్పుకోండి, త్వరగా అయిపోతుంది" అంది. రెండు తప్పులున్నాయి.

మొదటిది. నువ్వు వెళ్లిన వారానికే మీ ఆయన కొట్టుకి వచ్చాడు. నువ్వెక్కడున్నావని అడిగాడు. తెలియదన్నాను. నువ్వు రాసిన మొదటి ఉత్తరం, కవరు మీద అడ్రసుతో సహా, బల్లమీద ఆకురాయి కింద ఉంది. నేను చూసి చెయ్యి అడ్డం పెట్టేలోపు అతను చూశాడో లేదో తెలియదు. చూసి ఉంటాడనే అనుకుంటున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు అందరికీ "జాగ్రత్త" అని చెప్పినవాణ్ణి, నీ అడ్రసు బల్లమీద పరిచి పెట్టాను. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు. చెప్పకుండా పదకొండు సలహాలు రాశాను. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు ఉంది నా జాగ్రత్త. ఒప్పందం ఏదీ లేదు. అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

రెండోది ఆ గంట.

చెల్లాయ్, నేను ఆలోచించలేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సాయంత్రం రా" అని నువ్వు అన్నావు చూడు, ఆ మాట వినగానే నా చేతులు పనిలో పడ్డాయి. కానీ ఆ తాళం తెరుచుకోలేదు. అది నేను నీ పెళ్లికి చేసిచ్చిందే, లోపలున్న నీకు బయట ఏ తాళం పడుతోందో తెలిసి ఉండదు. ఆరు లివర్లు, ఒక్కోదానికి ఒక్కో గాడి, తీగ దూరనివ్వని కవచం. చెల్లెలి ఇల్లు భద్రంగా ఉండాలని రెండు నెలలు కూర్చుని చేశాను. అతను నిన్ను లోపల పెట్టి దాంతోనే తాళం వేస్తాడని నా బుర్రకి తట్టలేదు. గొళ్లెం ఊడదీద్దామంటే అదీ నేను బిగించిందే, స్క్రూల తలలు అరగదీసి మరీ. నువ్వు విన్న గలగల గుత్తిది కాదు. తీగలు. రెండు విరిగాయి.

"ఏం చేస్తున్నావన్నయ్యా" అన్నావు. నా చేతికి రావడం లేదమ్మా అనాల్సింది. దేవుడు కూడా తీయలేడని మురిసిన నోటితో ఆ మాట రాలేదు. ఆలోచిస్తున్నా అనేశాను. గంట దాటాక అది తెరుచుకుంది, ఎలా తెరుచుకుందో ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి ఎవరైనా ఆరు లివర్లది కావాలంటే చేయడం లేదని చెబుతున్నాను. నీకూ అందుకే చేయలేకపోయాను. ఇనుము చేతిలోకి తీసుకుంటే ఆ తలుపు కనబడుతోంది. బూట్లు పంపాను. బూట్లతో ఎవరినీ లోపల పెట్టలేరు కదా.

నువ్వు ఏడాదిపాటు ఆ గంటని ఇలా మోశావని తెలిసి అన్నం సయించడం లేదు. తిట్టు. తిడుతూ రాయి, కానీ రాయి.

అన్నయ్య


ఆగస్టు 12

అన్నయ్యా,

తిట్టను. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరం ఒకే తలుపుకి అటూ ఇటూ కూర్చుని, ఒకే తాళం మీద, ఎవరి బాధ వాళ్లు పడ్డామన్నమాట. ఆ రోజు "రావడం లేదమ్మా" అని ఉంటే లోపలినుంచి ఇంకో తీగ అందించేదాన్ని. చిన్నప్పుడు కొట్లో నీకు తీగలు అందించింది నేనేగా.

ముందు బూట్ల దొంగ దొరికింది. పోయిన గురువారం మధ్యాహ్నమే పని వదిలేశారు. పైకి వచ్చి చూస్తే నా గుమ్మం ముందు బూట్లు లేవు, ఎదురుగది ముందు ఉన్నాయి! ఎడమవైపున, మడమలు గోడకి ఆనించి, ఒకటి ఒరిగించి. తలుపు తట్టాను. నర్సు నిద్రకళ్లతో తీసింది. నన్ను చూసి, బూట్లని చూసి, సిగ్గుపడింది. "పగలు మీరు ఉండరు కదా, అవి ఖాళీగానే ఉంటాయని..." అంది. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చి పగలు పడుకుంటుంది. ఒక్కర్తే. మెట్ల మీద చప్పుడైతే లేచి కూర్చుంటుందట. మా ఇద్దరి డ్యూటీలూ కలవవు కాబట్టి బూట్లకి మాత్రం సెలవు లేదు. "మీవారు బయటికి వెళ్లరా" అని అడగడానికి భయపడిందట, అసలు ఆ బూట్ల మనిషే లేడని తెలిశాక ఇద్దరం గోడ పట్టుకుని నవ్వాం. వాడుకుంటున్నందుకు పాలిష్ చేసి పెట్టింది, ఆ మంగళవారం అందుకే వాటిని తన గదిలోకి తీసుకెళ్లిందట.

ఇప్పుడు కుదురుగా చదువు. ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చారు.

మెట్ల మీద అడుగులు వినగానే తెలిసింది. ఆరేళ్లు సాయంత్రాలు ఆ అడుగుల కోసమే చెవులు రిక్కించి కూర్చున్నాను. బూట్ల దగ్గర ఆగారు. నువ్వన్న ఆ ఒక్క క్షణం నిజమే అన్నయ్యా, ఆగారు. నేను లేచి గడియకి తాడు చుట్టాను. ముడి మూడోసారికి పడింది.

"ఈ బూట్లు ఎవరివి?" అన్నారు.

నువ్వు నేర్పిన "ఏమండీ" నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి దగ్గర ఇంకో మగమనిషి పేరు చెప్పి బతకబుద్ధి కాలేదు.

"నావి" అన్నాను.

"నీకెందుకు బూట్లు?"

"నడవడానికి."

తలుపు తోశారు. గడియ జారింది, తాడు ఆపింది. "తలుపు తీయి, మాట్లాడాలి" అన్నారు. "తాళంచెవి నా దగ్గర ఉంది. నాకు తీయాలని లేదు" అన్నాను. ఈలోపు ఎదురుతలుపు తెరుచుకుంది. నర్సు చేతులు కట్టుకుని నిలబడి, "ఎవరు కావాలి?" అని ఆస్పత్రిలో చూడ్డానికి వచ్చినవాళ్లని గదిమినట్టు గదిమింది. కింద ఇంటావిడ, "ఎవరది, కొత్త అడుగులు!" అని కేకేసింది. ఆయన వెళ్లిపోయారు. మళ్లీ వస్తారేమో తెలియదు. వస్తే కింద ఆపుతానని ఇంటావిడ మాటిచ్చింది. ఆవిడకి నిజమంతా చెప్పేశాను.

ఆయన వెళ్లాక అక్కడే కూలబడ్డాను. చాలాసేపటికి తెలిసింది, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నానని.

ఆగస్టు ఆఖరుకి రాను. వదిన డబ్బాలు మళ్లీ గదిలో పెట్టుకోమను. పొద్దున తాళం లాగి "వేశాను" అంటే, అప్పుడే డ్యూటీనుంచి వచ్చిన నర్సు లోపలినుంచి "విన్నాను" అంటోంది. మలుపు దాకా వెళ్లి వెనక్కి రావడం తగ్గింది. మానలేదు, తగ్గింది.

తాళం ఇక అడగను. నీ చేతులకి ఎప్పుడు కుదిరితే అప్పుడు.

నీ చెల్లెలు


ఆగస్టు 24

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేసి ఇంటికి వచ్చాను. మీ వదినకి చదివి వినిపించాను. "నడవడానికి" దగ్గర ఆవిడ ఆపి మళ్లీ చదివించుకుంది. డబ్బాలు గదిలో పెట్టేసింది, ఒక మూల మాత్రం వదిలింది, నువ్వు చూడ్డానికి వస్తే పడుకోవడానికి.

పార్సిల్లో ఇంకో జత బూట్లున్నాయి, తొమ్మిదో నంబరు, పక్క కొట్టు వడ్రంగివి. అవి నర్సుకి ఇవ్వు. పాలిష్ చేయొద్దని చెప్పు. మెరిసే బూట్లు చూసి ఎవరూ భయపడరు.

కింద గుడ్డలో చుట్టి ఇంకొకటి ఉంది. పదిరోజులు పట్టింది. మొదటి రెండురోజులు ఊరికే ఇనుము ముందు పెట్టుకుని కూర్చున్నాను, తర్వాత చెయ్యి కదిలింది. ఇది తాళం కాదు, లోపలి గడియ. నాలుగు పొడుగు స్క్రూలు ద్వారబంధంలోకి దిగాలి, ఇంటావిడని అడిగి మంచి వడ్రంగితో బిగించుకో, నువ్వు దగ్గరుండి చూడు. మీట లోపలే ఉంటుంది. దీనికి తాళంచెవి లేదు, రంధ్రం లేదు. బయటివైపు ఒట్టి చెక్క. దీంతో ఎవరూ నిన్ను లోపల పెట్టి పోలేరు.

పంపకముందు కొట్టు తలుపుకి పెట్టి చూశాను. మీ వదినని లోపల ఉండి వేసుకోమన్నాను. బయట కూర్చుని నా దగ్గరున్న తీగలన్నీ తెచ్చుకుని, గంటసేపు చూశాను. నావల్ల కాలేదు. "ఏం చేస్తున్నారు?" అంది లోపలినుంచి. "తీయలేకపోతున్నానే" అన్నాను. ఆ మాట అనగానే గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను.

వచ్చే నెల నిన్ను చూడ్డానికి వస్తాను. వచ్చి తలుపు తడతాను. నువ్వు తీస్తే లోపలికి వస్తాను.

అన్నయ్య